డిసెంబరు నెలంతా ఇంట్లోనే పండుగ: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది బాపట్ల దగ్గర, సముద్రపు గాలి తగిలే పల్లె. మా ఇంట్లో క్రిస్మస్, మా వీధిలో సంక్రాంతి నెల. రెండూ కలిసి డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి మధ్య దాకా నడుస్తాయి. ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చినవాళ్ళు, నా దగ్గర చదువుకుని ఇప్పుడు సంసారాలు చేసుకుంటున్న పిల్లలు, పట్నాల్లో అపార్ట్‌మెంట్లలో ఉంటున్న చుట్టాలు ఏటా ఇవే ప్రశ్నలు అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను.

క్రిస్మస్ ఒక్కరోజు పండుగ కదా, నెల ముందునుంచీ ఎందుకు మొదలుపెట్టాలి?

ఒక్కరోజు మీద అంత బరువు వేయకుండా ఉండటానికి. అన్నీ 24వ తారీఖునే చేయాలనుకుంటే ఇల్లాలు పొయ్యి దగ్గరే అలిసిపోతుంది, పిల్లలు కొత్తబట్టల్లోనే నిద్రపోతారు, 26 ఉదయానికి ఇంట్లో ఎవరికీ ఏదీ సరిగ్గా గుర్తుండదు.

సంక్రాంతిని చూడండి. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం రాగానే ఊళ్ళో 'నెల పట్టారు' అంటారు. ఆ రోజు నుంచి వాకిట్లో ముగ్గు పెద్దదవుతుంది, గొబ్బెమ్మలు వస్తాయి, తెల్లవారుజామున హరిదాసు తిరుగుతాడు. పండుగ మూడు రోజులే అయినా దాన్ని నెల పొడవునా పరిచి పెట్టారు మన పెద్దలు. క్రైస్తవులకూ అలాంటి నెల ఉంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటాం. నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వచ్చే ఆదివారంతో అది మొదలవుతుంది. గుళ్ళో అది ఎదురుచూపుల కాలం. ఇంట్లో కూడా అలాగే ఉంచుకోవచ్చు.

మా ఇంట్లో రోజుకు ఒక్క పనే. ఒక సాయంత్రం వెదురు బద్దలు చీలుస్తాం. ఒక ఆదివారం దుప్పట్లన్నీ ఎండేస్తాం. ఒకరోజు కిస్మిస్ నానబెడతాం, అంతే, ఆ రోజుకు పండుగ పని అయిపోయినట్టే. ఆ చిన్న పనికి ఇంట్లో అందరూ చుట్టూ చేరతారు. నాకు క్రిస్మస్ అంటే 25వ తారీఖు కంటే ముందు ఈ ఇరవై నాలుగు సాయంత్రాలే గుర్తొస్తాయి.

మన దగ్గర చలికాలం అంటూ పెద్దగా ఉందా? మంచు లేదు, ఏమీ లేదు.

ఉంది. లంబసింగిలో, అరకులో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవాళ్ళను అడిగితే ఈ ప్రశ్నకు జవాబు వేరేగా చెబుతారు. కోస్తాలో మాకు అంత చలి లేకపోయినా పొద్దు మారడం స్పష్టంగా తెలుస్తుంది. డిసెంబరు 21 లేదా 22న మన పగలు ఏడాదిలో అతి చిన్నది. తెలుగు నేల మీద అది సుమారు 11 గంటలు. జూన్‌లో అతి పెద్ద పగలుతో పోలిస్తే దాదాపు రెండు గంటలు తక్కువ. అదే రోజు లండన్‌లో పగలు 8 గంటలు కూడా ఉండదు. మార్గశిరంలో మాటలాడేంత పొద్దు ఉండదని మా నాయనమ్మ అనేది, మధ్యాహ్నం అన్నాలు ఆలస్యమైతే.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. మన దగ్గర సూర్యుడు అన్నిటికంటే పెందలాడే అస్తమించేది డిసెంబరు 21న కాదు, నవంబరు చివరలో. అన్నిటికంటే ఆలస్యంగా ఉదయించేది జనవరి మధ్య దాటాక. అంటే క్రిస్మస్ నాటికే సాయంత్రాలు మెల్లగా పొడవు పెరుగుతుంటాయి, ఉదయాలు మాత్రం ఇంకా బద్ధకంగానే ఉంటాయి. సంక్రాంతి సెలవుల్లో పిల్లలు దుప్పట్లోంచి లేవకపోతే కోప్పడకండి. నిజంగానే తెల్లవారడం ఆలస్యమవుతుంది.

ఉత్తరాయణం సంక్రాంతికి కదా అని అడుగుతారు. పంచాంగంలో సంక్రాంతిని నక్షత్రాల లెక్కన కడతారు. భూమి అక్షం చాలా నెమ్మదిగా తిరుగుతుండటం వల్ల ఆ లెక్క, పొద్దు తిరిగే రోజు విడిపోతూ వచ్చాయి. సుమారు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒకేచోట ఉండేవి. ఇప్పుడు మూడు వారాలకు పైగా ఎడం ఉంది. ఆ మూడు వారాల ఎడంలోనే మా క్రిస్మస్, కొత్త సంవత్సరం, ముగ్గులు అన్నీ ఇమిడిపోతాయి.

నక్షత్రం చేత్తో కట్టడం కష్టమా? బజారులో తక్కువ ధరకే దొరుకుతోంది కదా?

కొనుక్కోండి, తప్పేమీ లేదు. కానీ ఇంట్లో పదేళ్ళ పిల్లలు ఉంటే మాత్రం ఒక్కసారైనా కట్టండి. ఇది రెండు సాయంత్రాల పని.

ఒకే పొడవున్న పది వెదురు బద్దలు కావాలి, మూడు అడుగులవైతే సరిగ్గా ఉంటుంది. ఐదు బద్దలను ఒకదానిమీద ఒకటి అడ్డంగా పేర్చి, చివరలు కలిపి ట్వైను దారంతో బిగిస్తే ఐదు కొమ్ముల నక్షత్రం వస్తుంది. మిగిలిన ఐదింటితో ఇంకొకటి. రెండు నక్షత్రాలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఐదు కొమ్ముల చివరలనూ జతలుగా కట్టేయండి. ఇప్పుడు మధ్యలో, బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల, జానెడు పుల్లలు నిలబెట్టి లోపలినుంచి తన్నిపెట్టండి. చదునుగా ఉన్నది ఒక్కసారిగా పొట్ట ఉబ్బి లేస్తుంది. పిల్లలు కేకలు పెట్టేది అక్కడే. ఆ క్షణం కోసమే ఈ పని చెయ్యమంటున్నాను.

కాగితం రెండో రోజు. గాలిపటాల కాగితం తేలిగ్గా ఉంటుంది, వెలుగు బాగా దాటుతుంది. మైదా ఉడికించిన జిగురు చాలు, చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. మైలుతుత్తం విషం, ఆ పని పెద్దవాళ్ళే చేయాలి. అది లేకున్నా ఒక నెలకు పరవాలేదు. ఒక కొమ్ము కాగితం కింది అంచు అతికించకుండా వదిలేయండి, బల్బు పెట్టడానికి, తీయడానికి అదే దారి. లోపల ఎల్‌ఈడీ బల్బు మాత్రమే పెట్టండి. పాతకాలం పసుపు బల్బు వేడికి కాగితం మాడిపోతుంది, కొన్నిసార్లు అంటుకుంటుంది కూడా.

అపార్ట్‌మెంటులో ఉంటే బద్దలు అడుగున్నర పెట్టుకుని బాల్కనీలో వేలాడదీయండి. మా చిన్నప్పుడు వేపచెట్టు చిటారుకొమ్మన కట్టేవాళ్ళం. మూడు వీధుల అవతల నుంచి కనిపించేది.

క్రిస్మస్ చెట్టు?

సరుగుడు కొమ్మ. మా సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలు ఉన్నాయి, తోటవాళ్ళను అడిగితే నరికిన కొమ్మ ఒకటి ఇస్తారు. ఇసుక నింపిన బకెట్లో నాటితే వారం పైన పచ్చగా ఉంటుంది, గాలికి సన్నగా ఈల వేస్తుంది. సరుగుడు దొరకని ఊళ్ళో కుండీలో ఏ మొక్క ఉంటే అదే. మా అక్క హైదరాబాదులో కరివేపాకు మొక్కకు దీపాల తోరణం చుడుతుంది. చాలా బాగుంటుంది.

పశువుల పాక పెట్టాలంటే బొమ్మల సెట్ కొనాలా?

అక్కర్లేదు. ఈ ఆచారం మొదలైన కథ గుర్తుంచుకుంటే చాలు. 1223లో ఇటలీలోని గ్రేచ్చో అనే చిన్న ఊళ్ళో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి మేతతొట్టిలో ఎండుగడ్డి వేసి, నిజమైన ఎద్దును, గాడిదను కట్టించి క్రిస్మస్ రాత్రి చేశాడు. పల్లెటూరి జనానికి యేసు పుట్టిన బేత్లెహేము ఎలా ఉండేదో కళ్ళకు కట్టాలని ఆయన తపన. ఎద్దు, ఎండుగడ్డి, పాక, ఇవన్నీ మనకు ఇటలీ నుంచి రావాలా? మన పెరట్లోనే ఉన్నాయి.

వరిగడ్డి చారెడు, నాలుగు పుల్లలతో పాక. మా ఇంట్లో ఆవు, దూడ, నీళ్ళు మోసే ఆడమనిషి, గొర్రెలు కాసేవాడు అన్నీ కొండపల్లి బొమ్మలే. తెల్లపొణికి కర్రతో చేసినవి కాబట్టి చేతికి దూదిలా తేలిగ్గా ఉంటాయి, పిల్లలు అటూ ఇటూ జరుపుకుని ఆడుకోవచ్చు. పక్కింటి పిన్నిగారు సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. డిసెంబరులో ఆవిడ ఆవుబొమ్మ మా పాకలోకి వస్తుంది, జనవరిలో మా గొర్రెలు ఆవిడ కొలువులోకి వెళ్తాయి. పదిహేనేళ్ళుగా ఇదే వరస.

పాక చుట్టూ పచ్చదనం కావాలంటే డిసెంబరు 14, 15 తేదీల్లో వెడల్పు పళ్ళెంలో తడిమట్టి పరిచి రాగులు, గోధుమలు చల్లండి. పెళ్ళిళ్ళలో పాలికలు పెట్టినట్టే. రోజూ చిలకరించే పని చిన్నపిల్లలకు అప్పగించండి. క్రిస్మస్ నాటికి గోధుమ మొలకలు బెత్తెడు లేస్తాయి. బాలయేసు బొమ్మను మాత్రం 24 రాత్రి దాకా తొట్టిలో పెట్టకండి. ఖాళీ తొట్టిని పిల్లలు రోజూ వచ్చి చూసి వెళ్ళడం ఈ నెలలో నాకు చాలా ఇష్టమైన దృశ్యం.

పిండివంటల్లో తప్పనిసరిగా ఏవి చేయాలి?

ఒకటి చాలు. రెండైతే ఎక్కువ సంబరం. పది రకాలు చేయాలని ఎవరూ చెప్పలేదు. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో కజ్జికాయలు, గులాబీ పువ్వులు, జంతికలు ఎక్కువ. కానీ నన్నడిగితే అరిసెలు. పంట ఇంటికొచ్చే రోజులు, కొత్త బియ్యం, కొత్త బెల్లం. పైగా అరిసెలు ఒక్కరు చేసే వంట కాదు, నలుగురు చేతులు పట్టాలి.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. వంపి, గుడ్డమీద కాసేపు ఆరబెట్టి, తడి ఉండగానే మర పట్టించండి. పిండిని పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి మూత పెట్టండి, ఆరితే అరిసె గట్టి పడుతుంది. పాకమే ప్రాణం. చల్లని నీళ్ళలో చుక్క వేసి వేళ్ళతో కూడగడితే మెత్తని ఉండ కావాలి. అప్పుడు ఏలకుల పొడి, నెయ్యి, నువ్వులు వేసి, దించి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా కలపాలి.

నూనెలో అరిసె విచ్చిపోతోందంటే పాకం లేత. ఇంకాస్త తడిపిండి కలపండి. గట్టిగా, గవ్వల్లా వస్తోందంటే పాకం ముదిరింది. చలిమిడిలో రెండు చెంచాల వేడిపాలు పోసి పిసకండి. నూనెలోంచి తీయగానే రెండు అరిసెల చెక్కల మధ్య నొక్కాలి. ఆ నొక్కే పని మా ఇంట్లో మా మామగారిది. ఎనభై దాటినా ఎవరికీ ఇవ్వరు. వేయించని చలిమిడి ముద్ద ఒక్కొక్కటి పిల్లల చేతుల్లో పెట్టడం మర్చిపోకండి. చాలామందికి అరిసె కంటే ఆ ముద్దే రుచి.

డిసెంబరు 20 ప్రాంతంలో చేసుకుంటే కొత్త సంవత్సరం దాటేదాకా నిలవుంటాయి.

ఓవెన్ లేకుండా కేకు వస్తుందా?

వస్తుంది. అడుగు మందంగా ఉన్న దబర, గట్టి మూత, లోపల పెట్టడానికి చిన్న స్టాండు ఉంటే చాలు. దబరలో రెండు కప్పుల ఉప్పు పరిచి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేయండి. కుక్కర్ వాడితే గ్యాస్కెట్, విజిల్ తీసేసి పాత కుక్కర్లోనే చేయండి, నీళ్ళు లేకుండా వేడి చేస్తే కొత్తది పాడవుతుంది.

మా కొలతలు ఇవి: కప్పున్నర గోధుమపిండి, కప్పు బెల్లం తురుము, కప్పు పెరుగు, అరకప్పు నూనె, చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా, చిటికెడు దాల్చినచెక్క పొడి. పెరుగు, బెల్లం, నూనె బాగా గిలక్కొట్టి పిండి కలపండి. ఎండుపళ్ళు, అంటే కిస్మిస్, ఖర్జూరం, కాస్త టూటీఫ్రూటీ, ముందే కమలాపండు రసంలో నానబెట్టి మూడు నాలుగు రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే ఉబ్బి మెత్తగా అవుతాయి. జీడిపప్పుకు మేం వేటపాలెం వెళ్తాం, పావు కిలో తెచ్చుకుంటే కేకుకూ పులావుకూ సరిపోతుంది. సన్నని సెగ మీద 45 నుంచి 55 నిమిషాలు. అరగంట దాకా మూత తీయకండి. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి.

కేకు మీద క్రీము పూయనక్కర్లేదు. చల్లారాక గుడ్డలో చుట్టి మర్నాడు కోస్తే దాల్చినచెక్క, కమలాపండు వాసనలు బాగా పడతాయి.

ఏమీ వండకుండా, కొద్ది డబ్బుతో ఈ నెలలో తినే సంతోషాలు ఏమున్నాయి?

చాలా ఉన్నాయి, ఈ ప్రశ్నంటే నాకు ప్రాణం.

తేగలు మొదటివి. వర్షాకాలం చివర తాటిటెంకలను పాతర వేస్తే ఈ చలికి తేగలు తయారవుతాయి. తవ్వి తీసి, మట్టి కడిగి, కుండలో ఉప్పువేసి ఉడికిస్తారు, లేదా నిప్పుల్లో కాలుస్తారు. కాల్చిన తేగకు పొగ వాసన, కాస్త వగరు, కాస్త తీపి. చీల్చి మధ్యలో చందమామను తీసి ముందు అది తినాలి, తర్వాత నారలు లాగుతూ మిగతాది. ఒక తేగ తినడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట కబుర్లకు బాగుంటుంది.

చిలగడదుంపలు బూడిదలో కాల్చినవి. రేగిపళ్ళు జేబునిండా. ఉప్పూకారం రాసిన దోరజామకాయ. చిత్తూరు వైపు చుట్టాలుంటే అనపకాయలు పంపమనండి. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని గింజలు వొలిచి, నానబెట్టి, తోలు పితికి చేసే పితికిపప్పు కూర ముందు మాంసం దిగదుడుపే. తెలంగాణలో అయితే వేడివేడి సజ్జరొట్టె. రాత్రిపూట మిరియాల చారు గ్లాసులో పోసుకుని తాగడం ఏ ప్రాంతానికైనా పనికొస్తుంది.

ఇంకొకటి, తినేది కాదు. డిసెంబరాలు. ఊదారంగు పూలు, వాసన ఉండదు, కానీ మరువంతో కలిపి కడితే జడలో ఈ నెలకే ప్రత్యేకమైన అందం. పాదులో ఒక కొమ్మ గుచ్చితే వచ్చే ఏటికి మీకే పూస్తాయి.

కుంపటి గదిలో పెట్టుకోవచ్చా?

వద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే నిద్రలోనే ప్రాణం పోతుంది. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు ఉండదు, వాసన ఉండదు. చలి కాచుకోవడం వాకిట్లోనే, పడుకునే ముందు నిప్పు పూర్తిగా ఆర్పేయాలి. పసిపిల్లలు, ముసలివాళ్ళు ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

మరి చలికి?

బొంత. మెత్తబడిన పాత నూలు చీరలు నాలుగైదు ఒకదానిమీద ఒకటి పరిచి, అంచులు సరిచేసి, చుట్టూ కుట్టు వేసి, తర్వాత బెత్తెడు ఎడంతో లోపలికి కుట్టుకుంటూ పోవడమే. పొరల మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనం ఇస్తుంది, అందుకే ఒక మందపు దుప్పటి కంటే నాలుగు పలచని చీరల బొంత మేలు. ఎత్తుకోవడానికి తేలిక, ఉతకడానికీ తేలిక.

మా ఇంట్లో ఒక బొంత ఉంది. పైన మా అమ్మ ఆకుపచ్చ వెంకటగిరి చీర, లోపల నాయనమ్మ తెల్లచీర, కింద నా పెళ్ళికి పెట్టిన చీరల్లో చిరిగిపోయినది ఒకటి. రోజూ సాయంత్రం రెండు వరసలు కుడితే నెలకు పూర్తయింది. మా పిల్లలు దానికోసం ఇప్పటికీ పోట్లాడుకుంటారు.

సాయంత్రాలు టీవీ, ఫోన్ల మధ్యే గడిచిపోతున్నాయి. ఏం చేయమంటారు?

అన్నిటినీ ఒక్కసారి ఆపాలని పంతం పట్టకండి. ఏడు నుంచి ఎనిమిది దాకా, ఒక్క గంట. క్రైస్తవ కుటుంబమైతే లూకా సువార్తలో సరిగ్గా 24 అధ్యాయాలు ఉన్నాయి. డిసెంబరు 1న మొదలుపెట్టి రోజుకొకటి చదివితే 24 రాత్రికి పూర్తవుతుంది. మా ఇంట్లో ఎవరి వంతు వస్తే వాళ్ళు చదువుతారు, కూడబలుక్కుని చదివే రెండో తరగతి పిల్లతో సహా. ఆ పిల్ల వంతు వచ్చినరోజు అన్నాలు ఆలస్యమవుతాయి, అయినా మధ్యలో ఎవరూ అందుకుని చదవరు.

చదివాక ఒక కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివాళ్ళు మన రాగాల్లో, మన తాళాల్లో రాసిన పాత కీర్తనలు చేతాళంతోనే పాడుకోవచ్చు, స్పీకర్లు అవసరం లేదు. ఒకటి రెండు ఏళ్ళు ఇలా పాడితే పిల్లలకు వాటంతటవే నోటికి వచ్చేస్తాయి.

క్రైస్తవులు కానివాళ్ళు ఆ గంట కథలకు ఇవ్వండి. లేదా వామనగుంటలు, అష్టాచమ్మా తీయండి. చింతగింజలు నేలకేసి అరగదీసి గవ్వలుగా వాడటం ఇప్పటి పిల్లలకు కొత్త వింత.

క్యారల్స్ బృందం అర్ధరాత్రి తలుపు కొడితే ఏం పెట్టాలి?

అల్లం టీ, జంతికలు. అంతే. పాతిక ఇళ్ళు తిరిగి గొంతులు బొంగురుపోయి వస్తారు, తీపి కంటే వేడి, కారం కావాలి వాళ్ళకు. ముసలివాళ్ళు, జబ్బుపడినవాళ్ళు ఇంట్లో ఉంటే ముందే చెప్పండి, డప్పు లేకుండా మెల్లగా పాడతారు. నిద్రలోంచి లేచిన పిల్లల్ని బొంతలో చుట్టి గుమ్మం దగ్గరికి ఎత్తుకురండి. వాళ్ళు ఏళ్ళ తర్వాత కూడా ఆ రాత్రి గురించి చెబుతారు.

మేం క్రైస్తవులం కాదు. పక్కింట్లో క్రిస్మస్ జరుగుతుంటే మేం ఎలా కలవాలి?

వాకిలి దాటి రండి, చాలు. మా వీధిలో ధనుర్మాసపు తెల్లవారుజామున గుడిలోంచి తిరుప్పావై వినిపిస్తుంది, ముప్పై రోజులకు ముప్పై పాశురాలు. తిరుమలలో కూడా ఈ నెల సుప్రభాతం బదులు తిరుప్పావైతోనే స్వామిని మేల్కొలుపుతారు. అదే వేళకు నేను లేచి ప్రార్థన చేసుకుంటాను. ఆ పాట వింటూ మోకరించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఏడయ్యేసరికి పిన్నిగారి ఇంటి నుంచి కట్టుపొంగలి వస్తుంది. క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి కేకు, అరిసెలు వెళ్తాయి. వాళ్ళు శాకాహారులు కాబట్టి గుడ్డు లేని కేకు, విడి గిన్నెలో. అలాంటివి అడిగి తెలుసుకోండి, ఎవరూ తప్పుపట్టరు.

25న ఇంట్లోనే ఉండాలా? మెదక్ చర్చి చూడాలని ఉంది.

తప్పక చూడండి. కరవు రోజుల్లో ఊరి జనానికి కూలీ, తిండి దొరకాలని మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన గుడి అది. 1914లో పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కానీ క్రిస్మస్ రోజున అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. పసిపిల్లలతో వెళ్ళేవాళ్ళు కొత్త సంవత్సరం దాటాక ఒక మామూలు రోజు ఉదయం వెళ్తే రంగుటద్దాల మీద ఎండ పడటం తీరిగ్గా చూడొచ్చు.

ఈ ఏడాది మా ఇంట్లో ఒకరు లేరు. పండుగ చేసుకోవాలా వద్దా?

ఈ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. మా అమ్మ పోయిన ఏడాది ఏం జరిగిందో చెబుతాను.

నవంబరులో పోయింది. మా వైపు ఏడాది తిరగకుండా నూనె మూకుడు పెట్టరు. నేనూ పెట్టలేదు. నక్షత్రం కూడా వద్దనుకున్నాను. డిసెంబరు 22న పిన్నిగారు, ఎదురింటి వదినగారు కలిసి వాళ్ళింట్లో అరిసెలు వండి, మా అమ్మ కొలతలతోనే, పెద్ద డబ్బా నిండా తెచ్చి పెట్టారు. ఆ రాత్రి మా తమ్ముడు ఏమీ మాట్లాడకుండా అటక మీంచి పాత నక్షత్రం బద్దలు దించి, తెల్ల కాగితం ఒక్కటే అతికించాడు. రంగులు లేవు. దాన్ని లోపలి గదిలో, అమ్మ మంచం ఉండే చోట కట్టాం. పాటలు పాడలేదు, లూకా మాత్రం చదివాం.

మీకు ఏది చేయగలిగితే అది చేయండి. దీపం ఒకటి వెలిగించి పడుకోవాలనిపిస్తే అదే చాలు. పోయినవాళ్ళకు ఇష్టమైన వంటకం ఎవరైనా తెస్తే కాదనకండి. వాళ్ళ గురించి పిల్లల ముందు మాట్లాడండి, పేరు పెట్టి. పక్కింట్లో అలా జరిగితే మాత్రం మీరు అడగకుండానే ఒక గిన్నె పట్టుకెళ్ళండి.

పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఇల్లు బోసిగా ఉంటుంది.

గంటల లెక్క ముందే రాసి గోడకు అంటించండి. చలికాలంలో న్యూజెర్సీ మనకంటే పదిన్నర గంటలు వెనక, డల్లాస్ పదకొండున్నర. మన అర్ధరాత్రి ఆరాధనకు గంట మోగే వేళకు న్యూజెర్సీలో 24 మధ్యాహ్నం ఒంటిగంటన్నర. వాళ్ళు లంచ్ వేళలో ఫోన్ పట్టుకుంటే గంట వినిపించవచ్చు. మా పెద్దమ్మాయి ఆ గంట విని ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చానని చెప్పింది, ఆ తర్వాత ప్రతి ఏడూ అడిగి మరీ వినిపించుకుంటుంది.

పిండివంటలు పంపాలంటే నవంబరు చివరికే పంపండి. కలిసి వండటం ఇంకా బాగుంటుంది. ఫోన్ గట్టు మీద నిలబెట్టి ఇక్కడ మీరు, అక్కడ వాళ్ళు ఒకేసారి పాకం పట్టండి. అక్కడ పొద్దు త్వరగా కుంగి మనసు కుంగే రోజులు, అమ్మ గొంతు వింటూ చేతులు పని చేస్తుంటే తేలికపడతారు. ఇక్కడ మీ ఇంట్లో ఖాళీ కుర్చీ ఉంది కదా, ఊళ్ళో హాస్టలు పిల్లలో, ఒంటరి ముసలివాళ్ళో ఎవరో ఒకరు ఉంటారు. భోజనానికి పిలవండి.

పండుగ రోజు భోజనంలోకి?

కోడికూర, గారెలు, పెరుగుపచ్చడి. పులావు చేయగలిగితే చేయండి. రాత్రంతా గుళ్ళో మేలుకుని ఉంటారు కాబట్టి మినప్పప్పు ముందురోజే నానబెట్టుకోండి, మధ్యాహ్నం అందరూ కాసేపు పడుకోండి.

26 తర్వాత అంతా ఒక్కసారిగా ఆగిపోయినట్టు ఉంటుంది. ఏం చేయాలి?

ఆపకండి. క్రిస్మస్ పన్నెండు రోజులు. జనవరి 6న, జ్ఞానులు బాలయేసును చూడటానికి నక్షత్రం వెంట నడిచి వచ్చిన పండుగ దాకా నక్షత్రం వెలగాలి. మా పాకలో ముగ్గురు జ్ఞానుల బొమ్మలను 25న గదికి అవతలి మూల, పుస్తకాల బీరువా మీద పెడతాం. పిల్లలు రోజూ జానెడు ముందుకు జరుపుతారు. పాకకు చేరేసరికి జనవరి 6.

ఆ సాయంత్రం నక్షత్రం దించుతాం. కాగితం జాగ్రత్తగా చింపి, బద్దలకు అంటిన జిగురు తడిగుడ్డతో తుడిచి, మధ్యలో పుల్లలు ఐదూ తీస్తే మళ్ళీ చదునుగా పడుకుంటుంది. పుల్లలను దారంతో ఒక కట్టగా కట్టి దానికే తగిలించి అటక మీద పెడతాం. గోధుమ మొలకలు పిన్నిగారి ఆవుకు. కొండపల్లి గొర్రెలు ఆవిడ బొమ్మల కొలువుకు. అప్పటికి భోగికి ఇంకా వారం ఉంటుంది, ఆవిడ గొబ్బెమ్మల పిడకలు మా గోడ మీదే ఎండుతుంటాయి.